హాస్ట్ మీదుగా వచ్చిన మాటలు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో దయ్యం లేదు. వెనక సీట్లో తెల్లచీర కట్టుకున్న ఆవిడ అసలే లేదు. మొన్న ఆక్లాండ్ నగరంలోని బోటనీ డౌన్స్‌లో ఒక పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్తే, నాకు పరిచయం లేని ఒక ఆంటీ ఈ కథ నాకే చెప్పింది. "ఎవరో మనవాళ్ళేనమ్మా, మొగుడూ పెళ్ళాం చిన్న విమానంలో వెళ్తుంటే వెనక సీట్లో తెల్లచీర ఆవిడ కూర్చుని కనపడిందంట" అంది. అది మా సంగతేనని ఆవిడకి తెలీదు. చేతిలో సమోసా పట్టుకుని మొత్తం విన్నాను. "అవునా ఆంటీ" అన్నాను. ఇంటికొచ్చాక మాత్రం, జరిగింది జరిగినట్టు ఒకసారి రాసిపెడదామనిపించింది.

ఇలాంటివాటి మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. మాది తెనాలి. మా ఇంట్లో దిష్టి తీసేవాళ్ళకీ, తాయెత్తులు కట్టేవాళ్ళకీ కొదవలేదు. వాళ్ళందర్నీ ఆటపట్టించింది నేనే. ఇక్కడ ఆక్లాండ్‌లో ఒక మెడికల్ ల్యాబ్‌లో పని చేస్తాను. రిజల్ట్ ఏదైనా వింతగా వస్తే మేం కంగారుపడం. శాంపిల్ మళ్ళీ రన్ చేస్తాం. దాదాపు ప్రతిసారీ ఏదో చిన్న కారణం బయటపడుతుంది. మెషీన్‌లో బుడగ పట్టి ఉంటుంది, లేదంటే ఒకరి ట్యూబు మీద ఇంకొకరి లేబుల్ పడి ఉంటుంది. దీనిక్కూడా అలాంటి కారణమే ఉండాలని వెతికాను. కానీ దీన్ని మళ్ళీ రన్ చెయ్యడానికి వీల్లేదు.

మా ఆయన పేరు రఘు. కరీంనగర్ వైపు వాళ్ళు. మేమిద్దరం ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకునేటప్పుడు కలిశాం. ఈ దేశానికి దక్షిణాన చివరి ఊరు అది. చలికాలంలో పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకడంతోనే సగం ఓపిక పోయేది. క్లాసులయ్యాక నేను సూపర్‌మార్కెట్‌లో, తను పాల ఫ్యాక్టరీలో పని చేసేవాళ్ళం. అక్కడ పొలాల మీద మందు చల్లే చిన్న విమానాలు తిరిగేవి. రఘు కారు పక్కకి ఆపి మరీ చూసేవాడు. "ఒక్కసారన్న నడపాలె" అనేవాడు. అందరూ అనే మాటే కదా అనుకున్నాను.

తను మాత్రం పట్టు వదల్లేదు. ఉద్యోగాలు, పెళ్ళి, పాప, ఆక్లాండ్ శివార్లలోని టకానినిలో ఇల్లు అన్నీ అయ్యాక, వారం వారం వెళ్ళి నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. మా ఇంటికి దగ్గర్లోనే చిన్న విమానాల ఎయిర్‌ఫీల్డ్ ఉంది. అక్కడ గ్రాహమ్ అనే రిటైరైన, ఇక్కడే పుట్టి పెరిగిన కివీ పెద్దాయనతో కలిసి ఒక నాలుగు సీట్ల పాత విమానంలో వాటా కొన్నాడు. ఒకటే ఇంజను, రెక్కలు పైన ఉంటాయి. దాని తోక మీద ఉండే రిజిస్ట్రేషన్ అక్షరాలు ఇక్కడ రాయను. ఇప్పుడది వేరేవాళ్ళ చేతుల్లో ఉంది, వాళ్ళని కలవరపెట్టడం ఎందుకు.

ఆ విమానంలో ఇన్వర్‌కార్గిల్ దాకా వెళ్ళిరావాలన్నది తన కోరిక. ఈ కొస నుంచి ఆ కొసకి దేశం మొత్తం దాటాలి. పాప పుట్టాక మేమిద్దరమే ఎక్కడికీ వెళ్ళలేదు. అందుకని ఒక వేసవిలో ఇద్దరం సెలవు పెట్టాం. మా పాప ఆద్యకి అప్పుడు ఎనిమిదేళ్ళు. బోటనీలో ఉండే, మాకు బాగా తెలిసిన లక్ష్మి ఆంటీ వాళ్ళింట్లో దింపాం. వాళ్ళ మనవరాలు దాని ఈడుదే. నేను వంగి ముద్దు పెట్టబోతే ఆద్య నా చున్నీ కొస పట్టుకుని, "సండే వచ్చేస్తావు కదా? ప్రామిస్?" అంది. ఆదివారం వచ్చేస్తానని చెప్పాను.

మొదటిరోజు ప్రయాణం హాయిగా సాగింది. కళ్ళు తిరిగితే నోట్లో వేసుకుందామని అల్లం మురబ్బా తెచ్చుకున్నాను గానీ పెద్దగా అవసరం పడలేదు. కింద పచ్చటి గుట్టలు, గొర్రెలు. కుడిచేతి వైపు దూరంగా టరనాకి కొండ, నెత్తిన కాస్త మంచుతో. ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని ఇద్దరం పులిహోర తిన్నాం. రెండు దీవుల మధ్య సముద్రం దాటేటప్పుడు మాత్రం లైఫ్ జాకెట్ బెల్టు పట్టుకుని కూర్చున్నాను. ఆ సాయంత్రం నెల్సన్‌లో దిగి, ఒక మోటెల్‌లో గది తీసుకుని, సముద్రం ఒడ్డున చేపలూ చిప్సూ తిన్నాం. రఘుని అంత సంతోషంగా చూసి చాలా రోజులైంది. ఇద్దరం బాగానే నిద్రపోయాం. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, అలసట వల్ల అలా అనిపించి ఉంటుందని తర్వాత చాలామంది అన్నారు.

రెండోరోజు పొద్దున్న పడమటి తీరం వెంబడి దక్షిణానికి వెళ్తూ హొకిటికా అనే చిన్న ఊళ్ళో ఆగి పెట్రోలు నింపుకున్నాం. రఘు ఫోన్లో వాతావరణం చూశాడు. సాయంత్రానికి నైరుతి నుంచి మబ్బు పట్టొచ్చని ఉంది. అప్పటికి మేం కొండలు దాటేసి అవతల ఉంటాం. మా దారి సులువే. సముద్రం వెంబడి హాస్ట్ అనే చోటి దాకా వెళ్ళి, అక్కడ ఎడమకి తిరిగి, కొండల మధ్య కనుమలోంచి వానకా అనే ఊరి వైపు వెళ్ళాలి. ఆ పైన ఇన్వర్‌కార్గిల్ ఎంతో దూరం లేదు.

రేడియో గురించి కొంచెం చెప్పాలి. ఆ కొండల దగ్గర కంట్రోల్ టవర్ ఏమీ ఉండదు. ఆ చుట్టుపక్కల ఎగిరేవాళ్ళందరూ ఒకే ఫ్రీక్వెన్సీలో తామెక్కడున్నారో, ఎటు వెళ్తున్నారో చెప్పుకుంటారు, ఒకరికొకరు అడ్డు రాకుండా. పైలట్ చేతికింద, బొటనవేలికి అందేలా ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి మాట్లాడితే అందరికీ వినపడుతుంది. నొక్కకపోతే హెడ్‌సెట్లలో మేమిద్దరం మాట్లాడుకునేది మాకే వినపడుతుంది. ఒక్కోసారి ఆ బటన్ ఇరుక్కుపోతుంది. అప్పుడు లోపల మాటలన్నీ ఊరందరికీ వినపడతాయి. రఘు నాకిది ముందే చెప్పి ఉంచాడు, ఆకాశంలో కూడా నేను మా అత్తగారి ముచ్చట ఎత్తుతానేమోనని.

హొకిటికా నుంచి బయల్దేరాం. ఆకాశం కడిగినట్టుంది. ఎడమవైపు మంచుకొండలు, కుడివైపు సముద్రం, మధ్యలో సన్నటి గీతలాగా ఒడ్డు. దారి మధ్యలో వచ్చే ఫాక్స్ గ్లేసియర్‌కి ఇంకా ఇవతలే ఉన్నాం. అప్పుడు రేడియోలో ఒక మగగొంతు వినపడింది. గరగరమంటోంది. ఇంగ్లీషులోనే, కానీ మన మనిషి యాస. హాస్ట్ పైన ఉన్నామనీ, కనుమ మీదుగా వానకా వెళ్తున్నామనీ, విమానంలో ఇద్దరం ఉన్నామనీ చెప్పాడు. విమానం అక్షరాలు సరిగ్గా తెలియలేదు.

రఘు నావైపు చూసి నవ్వాడు. "ఎవలో మనోళ్ళే ఉన్నట్టుంది!"

నాక్కూడా భలే సంతోషం వేసింది. ఈ దేశంలో విమానం నడిపే తెలుగువాళ్ళు ఇంకా ఉన్నారన్నమాట, వానకాలో దిగాక కనపడతారేమో పలకరిద్దాం అన్నాను.

కాసేపటికి రేడియో మళ్ళీ తెరుచుకుంది. ఈసారి ఎవరూ ఎవరినీ ఉద్దేశించి మాట్లాడటం లేదు. ముందు ఇంజను చప్పుడు. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, తెలుగులో. "అంతా తెల్లగా ఉంది. కింద ఏం కనపట్లేదు."

"బటన్ ఇరుక్కుంది" అన్నాడు రఘు. తను బటన్ నొక్కి, ఎవరిదో మైకు తెరిచి ఉందని ఇంగ్లీషులో చెప్పి చూశాడు. కానీ అవతలివాళ్ళ బటన్ నొక్కి ఉన్నంతసేపు వాళ్ళకి ఏమీ వినపడదు.

ఆ ఆవిడ గొంతులో భయం తెలుస్తోంది. మగమనిషి సర్దిచెబుతున్నాడు. మబ్బులో ఇరుక్కున్నట్టున్నారు, పాపం అనుకున్నాను. పైకి అన్నాను కూడా, "పాపం రఘూ, ఏమన్నా చెయ్యలేమా" అని. నేను ఆమాట అంటుండగానే ఆ మగమనిషి అన్నాడు, "ఏం గాదు. జర ఆగు. ఏం గాదు."

ఆ మాట నాకు తెలుసు. ఇన్వర్‌కార్గిల్‌లో మంచు రోడ్డు మీద మా కారు జారి గుండ్రంగా తిరిగినప్పుడు అదే మాట. ఆద్య పుట్టేటప్పుడు లేబర్ రూంలో నా చెయ్యి పట్టుకుని అదే మాట, అదే వరస. రెండు "ఏం గాదు"ల మధ్య ఒక "జర ఆగు".

రఘు వైపు చూశాను. తన పెదాలు కదలడం లేదు. బొటనవేలు బటన్ మీద లేదు, పక్కకి ఉంది. తను కూడా ముఖం ఎటూ తిప్పకుండా వింటున్నాడు. తర్వాత వేలితో రేడియో చూపించాడు. ఎవరిదైనా మాట మాకు వస్తుంటే దానిమీద ఒక చిన్న గుర్తు వెలుగుతుంది, మేం మాట్లాడితే వేరే గుర్తు వెలుగుతుంది. వెలుగుతున్నది వచ్చే మాట గుర్తే.

"ఇదేంటి?" అన్నాను.

మన గొంతు మనకి తెలీదంటారు. నిజమే, నా వాయిస్ మెసేజ్ నేను వింటే నాకే వేరేవాళ్ళలా అనిపిస్తుంది. ఆ ఆవిడని నేను గొంతు బట్టి గుర్తుపట్టలేదు. తర్వాత ఆవిడ అన్న మాట బట్టి పట్టాను. "పాపకి ఆదివారం వచ్చేస్తానని చెప్పాను రఘూ" అంది.

మగమనిషి మళ్ళీ "ఏం గాదు" అన్నాడు. ఈసారి మాట కొంచెం ముద్దగా వచ్చింది. రేడియో వల్లేమో అనుకున్నాను.

నేను హెడ్‌సెట్ పీకేశాను. అది నా ఒళ్ళో పడింది. ఒక్కసారిగా ఇంజను హోరు చెవుల్ని కమ్మేసింది. ఇంకేమీ వినపడలేదు. ఆ హోరే నయమనిపించింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని రఘు ముఖం చూస్తూ కూర్చున్నాను.

ఎంతసేపో చెప్పలేను. తను వింటున్నాడు. చెమట చెంప మీదికి కారుతోంది. ఒకచోట కళ్ళు మూసి తెరిచాడు. తర్వాత బొటనవేలు బటన్ మీదికి వెళ్ళింది. పెదాలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. చుట్టుపక్కల విమానాలవాళ్ళని పిలుస్తున్నాడనుకున్నాను. చాలాసేపు మాట్లాడాడు. మాట్లాడుతూనే విమానాన్ని మెల్లగా కుడికి, సముద్రం మీదికి తిప్పాడు. ఎండ వెనకనుంచి నా భుజం మీదికి, భుజం మీంచి ముఖం మీదికి జరిగింది. మేం వచ్చిన దారికి ఎదురు తిరిగాం.

అప్పుడు హెడ్‌సెట్ మళ్ళీ పెట్టుకున్నాను. రేడియోలో ఏమీ లేదు.

"ఎవరన్నా ఉన్నారా?" అని రఘు తెలుగులో అడుగుతున్నాడు. రెండు మూడుసార్లు అడిగాడు. ఎవరూ పలకలేదు. మెడ తిప్పి వెనక్కి, దక్షిణం వైపు ఒకసారి చూశాడు. నేనూ చూశాను. అటు ఒక్క మబ్బుతునక లేదు. హాస్ట్ వైపంతా నీలంగా, నిర్మలంగా ఉంది.

"వెనకకు పోదాం" అన్నాడు. మళ్ళీ హొకిటికాలోనే దిగాం.

దిగాక విమానం పక్కన గడ్డిలో కూర్చున్నాను. రఘు రెక్కని తాడుతో కట్టేస్తున్నాడు. ముడి పడటం లేదు, విప్పి మళ్ళీ కడుతున్నాడు. అప్పుడే ఒక హెలికాప్టర్ వచ్చి దిగింది. నడిపేది ఒక కివీ అమ్మాయి. టూరిస్టుల్ని మంచు మీదికి తీసుకెళ్తుందట. హెల్మెట్ చంకలో పెట్టుకుని మా దగ్గరికొచ్చి నవ్వుతూ పలకరించింది.

మీ మైకు చాలాసేపు ఇరుక్కుపోయింది తెలుసా అంది. భాష అర్థం కాలేదు గానీ హాస్ట్ దగ్గర మీ ఇద్దరి మాటలూ విన్నాను అంది. తర్వాత నాతో, ఫ్లయింగ్ నేర్చుకుంటున్నావా అని అడిగింది. మధ్యమధ్యలో 'వింగ్స్ లెవెల్', 'పవర్' అని ఈయన ఇంగ్లీషులో అంటుంటే లెసన్ చెప్తున్నాడనుకుందట.

మేం హాస్ట్ దాకా వెళ్ళలేదు, ఫాక్స్ కూడా దాటలేదు అన్నాను.

ఆ అమ్మాయి రఘు వైపు, విమానం తోక మీది అక్షరాల వైపు చూసింది. "కానీ నేను విన్నది ఇవే అక్షరాలు" అంది. ఇంకో విమానం అక్షరాలు దగ్గర దగ్గరగా ఉండి ఉంటాయిలే అని తనే సర్దుకుంది. అటు వాతావరణం ఎలా ఉంది అని అడిగాను. బ్రహ్మాండంగా ఉంది, ఎందుకు వెనక్కొచ్చారు అంది. రఘు ముడి కట్టుకుంటూ ఉండిపోయాడు.

ఆ సాయంత్రం మాత్రం మబ్బు దిగింది. హాస్ట్ కనుమ మూసుకుపోయిందని ఆ రాత్రికి మేం గది తీసుకున్న మోటెల్ ఆవిడ చెప్పింది. ఈ ఒక్క ముక్క పట్టుకుని నన్ను ఓదార్చేవాళ్ళున్నారు, చూశావా, దేవుడే ఆపాడు అని. కానీ మేం ఆగకుండా వెళ్ళి ఉంటే ఆ మబ్బుకి ఎంతో ముందే కనుమ దాటేసేవాళ్ళం. అది నేను లెక్క చూసుకున్నాను. ఆ మబ్బుకీ, రేడియోలో విన్న మబ్బుకీ పొత్తు కుదరదు.

తెల్లారి రఘు విమానం ఎక్కలేదు. ఎండ బాగానే ఉంది. తాళం చేతిలో పట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "బండి తీస్కొని పోదాం" అన్నాడు. కారు అద్దెకి తీసుకుని కొండలు దాటి క్రైస్ట్‌చర్చ్ వెళ్ళి, అక్కణ్ణుంచి అందరితోపాటు పెద్ద విమానంలో ఇంటికొచ్చాం. ఇన్వర్‌కార్గిల్ వెళ్ళనే లేదు. అనుకున్న రోజుకంటే ముందే వచ్చామని ఆద్య గంతులేసింది. తర్వాత గ్రాహమ్ ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి విమానం తెచ్చుకున్నాడు. రేడియో, బటన్, వైర్లు అన్నీ మెకానిక్కులకి విప్పి చూపించాడట. ఏ తేడా లేదన్నారు.

నేను చూడగలిగినవన్నీ చూశాను. ఆ రోజు ఈ దేశంలో ఎక్కడా ఏ చిన్న విమానమూ పడిపోలేదు, తప్పిపోలేదు. వార్తల్లో వెతికాను, ఎయిర్‌ఫీల్డ్‌లో అడిగాను. ఆ వైపు విమానం నడిపే తెలుగు జంట ఇంకెవరన్నా ఉన్నారేమోనని తెలిసినవాళ్ళందర్నీ వాకబు చేశాను. ఒక్కరూ లేరు. ఆ ముద్దమాట గుర్తొచ్చి, రఘుని వెంటపడి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. గుండె, మెదడు, రక్తం అన్నీ చూశారు. అన్నీ నార్మల్. రక్తం మాత్రం మళ్ళీ తీయించి ఇంకోసారి చేయించాను. అదీ నార్మలే.

రఘు విమానంలో తన వాటా అమ్మేశాడు. ఎవరన్నా అడిగితే, "టైం దొర్కుతలేదు" అంటాడు. ఆరోజు ఎందుకు వెనక్కొచ్చారంటే, "వెదర్ బాలేకుండె" అంటాడు. నా ముందే అంటాడు. మొదట్లో నాకు చాలా కోపం వచ్చేది. అంత జరిగితే, ఇద్దరం కలిసి వింటే, నేనొక్కదాన్నే విన్నట్టు చేస్తాడేంటని. ఒకరోజు వంటింట్లో గట్టిగా అడిగేశాను, "నీకు వినపడలేదా? నాకే పిచ్చా?" అని. "వినవడ్డది మాధవీ. ఇప్పుడొద్దు" అన్నాడు. అన్నం గిన్నె పొయ్యి మీంచి దించి, బయట వరండాలో కూర్చున్నాడు.

ఇంకో సంగతి కూడా గమనించాను. నేను పనిమీద ఉండగా కారణం లేకుండా ఫోన్ చేస్తాడు. "ఏం లేదు, ఊరికే" అని పెట్టేస్తాడు. గదిలో నా మాట వినపడితే చేస్తున్న పని ఆపి వింటాడు. భయం అనుకున్నాను. ఎగరడానికి భయపడ్డాడు, ఆ భయం దాచుకుంటున్నాడు అనుకున్నాను.

ఈ మధ్యే చెప్పాడు. ఆద్య స్విమ్మింగ్ క్లాసులో ఉంది. మేం బయట కార్లో కూర్చున్నాం. వాన పడుతోంది. పుట్టినరోజు ఫంక్షన్‌లో ఆంటీ చెప్పిన తెల్లచీర కథ నేను నవ్వుతూ చెప్పాను. తను నవ్వలేదు.

"నువ్వు హెడ్‌సెట్ తీసినంక ఏమైందో నీకు తెల్వది" అన్నాడు.

నేను తనవైపు తిరిగి కూర్చున్నాను.

"ఆయన మాట ఆగిపోయింది. ఆమె పిలుస్తనే ఉన్నది. రఘూ, రఘూ అని. ఆయన పలుకుతలేడు. బటన్ మీద పడ్డట్టుంది ఆయన చెయ్యి. చానాసేపు పిలిచింది. తర్వాత బటన్ వదిలినట్టయింది. మళ్ళ ఆమెనే నొక్కింది. ఎవరన్నా ఉన్నారా అని ఇంగ్లీషుల అడిగింది, తెలుగుల అడిగింది."

"నువ్వు మాట్లాడింది ఆవిడతోనా?" అన్నాను. అంతవరకూ నాకు తట్టనే లేదు.

"పలికిన. వినవడుతున్నదా అన్న. ఎవరు, రఘునా అన్నది. నేనేమని చెప్పాలె?"

"ఏం చెప్పావు?"

"ఔ, రఘునే అన్న. అప్పుడు ఏడుపు ఆపింది."

వాన కారు టాపు మీద పడుతోంది. తను స్టీరింగ్ పట్టుకుని, ముందుకి చూస్తూ చెప్పాడు. బయటికి చూడొద్దని చెప్పాడట. ముందున్న గుండ్రటి డయల్‌లో రెక్కలు సమానంగా ఉన్నాయో లేదో అదొక్కటే చూడమన్నాడట. పవర్ ముట్టుకోవద్దన్నాడట. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేసిందట. మెల్లగా కుడికి తిప్పు, సముద్రం వైపు, నేను తిప్పుతున్నట్టే తిప్పు అన్నాడట. ఆ మాట చెప్తూనే తన చేతులు కూడా మా విమానాన్ని తిప్పాయట. మేం ఆరోజు తిరిగింది అలా. వెనక్కి రావాలని కాదు, ఆవిడకి నేర్పుతూ తిరిగాం.

"తిప్పుతున్నా, తిప్పుతున్నా అన్నది. మన విమానం ముక్కు ఉత్తరం దిక్కు వచ్చేసరికి మాట తెగిపోయింది. మళ్ళ పిలిచిన. లేదు."

"మరి..."

"మళ్ళ అటు దిక్కు తిప్పితే వినవడేదేమో. తిప్పాలనే అనుకున్న. పక్కన చూస్తే నువ్వున్నవ్. చేతులు తొడల కింద పెట్టుకొని ముడుసుకొని కూసున్నవ్. నిన్ను తీస్కొని అటు ఎట్ల పోవాలె? పోలే."

స్టీరింగ్ వదిలి నావైపు తిరిగాడు. "ఆమెను ఆడ్నే ఇడిసిపెట్టి వచ్చిన మాధవీ."

నేను తన చెయ్యి పట్టుకున్నాను. "నేను ఇక్కడే ఉన్నాను కదా" అన్నాను.

"ఉన్నవ్" అన్నాడు. "అది తెలుసు."

ఆద్య తడి జుట్టుతో, భుజాన బ్యాగుతో పరుగెత్తుకుంటూ వచ్చి వెనక తలుపు తీసింది. రఘు హీటర్ పెంచి బండి తీశాడు. దారిలో నూడుల్స్ కావాలని అది గొడవ చేస్తే ఆగి కొనిపెట్టాం.

రేడియో తరంగాలు కొండలకి తగిలి తిరిగొస్తాయని ఒకాయన చెప్పాడు. తిరిగొస్తే మేం అన్న మాటలు తిరిగి రావాలి. మేం ఆ మాటలు అనలేదు. ఇద్దరికీ ఒకేసారి ఒకే భ్రమ కలిగిందన్నారు ఇంకొకరు. మరి తెలుగు ముక్క రాని ఆ హెలికాప్టర్ అమ్మాయి విన్నదేమిటి? జరగబోయేది ముందే వినపడిందని కొందరంటారు. రఘు ఇక విమానం నడపడు, నేను ఎక్కను. అలాంటప్పుడు అది ఎప్పటికి జరగబోయేది?

రఘు చెప్పినప్పటినుంచి నన్ను పట్టి కుదిపేది మాత్రం ఇవేవీ కాదు. మబ్బులో ఒక్కతే, చేతకాని చేతులతో, రఘు చెప్పినట్టే కుడికి తిప్పుతూ ఉన్న ఆ ఆవిడ. సముద్రం మీదికి వచ్చిందో, కొండ వైపే వెళ్ళిందో నాకు తెలీదు. రఘుకీ తెలీదు.